పార్కు టెన్నిస్ కోర్టు దాటాక పిల్లలకు దారేది?

సంపాదకులకు నమస్కారం.

వింబుల్డన్ ప్రాంగణంలో నేడు విగ్రహమై నిలిచిన టెన్నిస్ ఆటగాడు ఫ్రెడ్ పెర్రీ, ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో నూలు మిల్లు కార్మికుడి కొడుకుగా పుట్టి, 1934 నుంచి వరుసగా మూడేళ్లు వింబుల్డన్ విజేత అయ్యాడు. అయినా క్లబ్బు పెద్దలు తనను తమవాడిగా చూడలేదన్న బాధ ఆయనను చాలాకాలం వెంటాడింది. అప్పటి అడ్డుగోడ పుట్టిన వర్గమైతే, ఇప్పటి అడ్డుగోడ ఖర్చు.

బ్రిటన్ ప్రభుత్వం, అక్కడి టెన్నిస్‌ను నడిపే లాన్ టెన్నిస్ అసోసియేషన్ కలిసి 3 కోట్ల పౌండ్లకు పైగా కేటాయించి పాడుబడిన పార్కు కోర్టులను బాగుచేయించడం నిజంగా మెచ్చుకోదగిన పని. కానీ డిసెంబరు వచ్చిందంటే అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, తడిసిన కోర్టు మీద ఆకులు పరచుకుని కాలు జారుతుంది. బడి విడిచి వచ్చిన పిల్లవాడు ఆడాలంటే పైకప్పు ఉన్న కోర్టుకు గంటల లెక్కన అద్దె, కోచ్‌కు వేరుగా రుసుము, దూరపు టోర్నమెంట్లకు వెంట వెళ్లేందుకు పని మానుకోగలిగిన తల్లో తండ్రో కావాలి. కన్నతల్లే కోచ్ అయిన బ్రిటన్ టెన్నిస్ తార ఆండీ మర్రే సైతం 15 ఏళ్ల వయసులో శిక్షణ కోసం బార్సిలోనా వెళ్లాడు. ఆ స్తోమత లేని ఇంట్లో ప్రతిభ ఎంత ఉండి ఏం లాభం?

వింబుల్డన్ మిగులు ఆదాయంలో సింహభాగం అందుకుంటున్న అసోసియేషన్, కౌన్సిల్ ఇళ్ల (స్థానిక సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ల) పరిసరాల్లో పైకప్పు కోర్టులు కట్టించి, శీతాకాలమంతా బడిపిల్లలను ఉచితంగా ఆడనివ్వాలి.

– ఒక పాఠకుడు, లండన్