బాస్ గిటార్ వినబడట్లేదన్నారుగా, సంగతి ఇదీ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరంలో పరీక్షల తేదీలు, బస్సు టైమింగులు రాద్దామనుకున్నాను. అవి పిల్లల డైరీల్లో అంటించాం, చూసుకోండి. ముందు ఈ ఆంప్లిఫయర్ గొడవ తేల్చాలి, ఎందుకంటే పోయిన వారం నుంచి పేరెంట్స్ గ్రూపులో దీని మీద నడిచినంత చర్చ ఫీజుల మీద కూడా ఎప్పుడూ నడవలేదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. వార్షికోత్సవానికి మన పిల్లలు బ్యాండు కడుతున్నారు. డ్రమ్స్, కీబోర్డు, రెండు గిటార్లు, కింది స్వరాలు పలికే బాస్ గిటార్ మీద తొమ్మిదో తరగతి పాప. ఆ బాస్‌కి వాడేది ఒక పూర్వ విద్యార్థి తాతగారు మన బడికిచ్చిన పాత వాల్వు ఆంప్, అంటే పాత రేడియోల్లోలా వెలిగే గాజు గొట్టాలతో (వాల్వులు) పనిచేసే ఆంప్లిఫయర్. 1970లలో అమెరికాలో తయారైంది, 50 వాట్లు, డబ్బాలో రెండు పన్నెండు అంగుళాల స్పీకర్లు. పాప వేళ్లు నొప్పెట్టేలా వాయిస్తున్నా మూడో వరుస దాటి వినబడట్లేదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పితే సౌండ్ పెరగడం మానేసి బరబరమంటోంది.

దానికి మీరు తలా ఐదు వందలు వేసి 500 వాట్ల కొత్తది కొందామన్నారు. మీ మంచి మనసుకి థాంక్స్, కానీ వద్దు. ఇప్పటికే ఇచ్చినవాళ్లు ఆఫీసుకొచ్చి డబ్బు వెనక్కి తీసుకోండి.

వాట్లు రెట్టింపయితే చెవికి రెట్టింపు వినబడదండీ. 50 నుంచి 100కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే, "ఏమైనా పెరిగిందా?" అని పక్కవాళ్లని అడగాల్సి వచ్చేంత. రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్. పైగా బాస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకి 41 సార్లే ఊగుతుంది, అంత కింది స్వరాల దగ్గర మన చెవికి చురుకు తక్కువ. కాబట్టి 500 అన్నవాళ్ల లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఉన్న 50 ఎటు పోతున్నాయో ఎవరూ చూడలేదు, నాతో సహా.

పూర్ణా మార్కెట్ దగ్గర ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఒకరున్నారని మా సంగీతం మాస్టారు తీసుకొచ్చారు. ఆయన ముందు ఆంప్ జోలికే పోలేదు. పాపని ఒక్కో తీగా వాయించమని విన్నారు, పై తీగలు కాస్త పలుకుతున్నాయి, లావు తీగకి వచ్చేసరికి సౌండ్ మాయం. ఆంప్ ఆపించి, స్పీకర్ వైర్లు ఆంప్ వైపు విప్పి, జేబులోంచి టార్చిలో వేసే 1.5 వోల్టుల సెల్ తీసి ఒక స్పీకర్ వైర్లకి తాకించారు. టప్‌మని దాని కాగితం గిన్నె ముందుకొచ్చింది. సెల్ అలాగే పట్టుకుని రెండోదాని వైర్లకి తాకిస్తే అది వెనక్కి పోయింది. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి చూశారు, నేను కూడా కుర్చీ జరుపుకుని చూశాను.

ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే పక్కది అదే క్షణంలో వెనక్కి లాక్కుంటోంది. 41 సార్లు ఊగే స్వరం అల పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది, అడుగు దూరంలో ఉన్న రెండు స్పీకర్లు ఇలా ఎదురుబొదురుగా పనిచేస్తే ఆ స్వరం అక్కడికక్కడే చెల్లిపోతుంది. పై స్వరాల అలలు పొట్టివి కాబట్టి అంతగా చెల్లవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు హాలు కప్పు కారి ఒక స్పీకర్ తడిసిపోతే కొత్తది వేయించాం, అప్పుడే రెండు వైర్లు తారుమారయ్యాయి. అన్నేళ్లుగా "పాతదైపోయింది పాపం" అనుకుంటూ దాన్ని తిడుతున్నాం! వైర్లు మార్చి మళ్లీ వాయిస్తే హాలు కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

మిగతావి మామూలు రోగాలే. మన వైజాగ్ ఉప్పు గాలి ఇంటి గ్రిల్సునే తినేస్తుంది, గిటార్ వైరు దూర్చే సాకెట్‌ని వదుల్తుందా? అది, నాబ్‌లు క్లీనర్ స్ప్రేతో తుడిచారు. పవర్ వాల్వులు రెండూ నీరసించాయి, జతగా మార్చారు. కరెంటు నిలవుంచే పెద్ద కెపాసిటర్లు ఎండిపోతే అవి మార్చాక గుయ్యిమనే హమ్ తగ్గింది. రెండు పిన్నుల పాత ప్లగ్గు తీసేసి ఎర్త్ ఉన్న మూడు పిన్నులది వేశారు, దీనికి మాత్రం నేనే పట్టుబట్టాను. బిల్లు ఆఫీసులో ఉంది.

మిగిలిన సౌండ్ పైసా ఖర్చు లేకుండా వచ్చింది. స్టేజి మధ్యలో ఇనప బల్ల మీద ఉన్న ఆంప్‌ని దించి మూలకి, గోడకి ఆనించి నేల మీద పెట్టాం. నేల, గోడలు కింది స్వరాలకి బలమిస్తాయి. తర్వాత మాస్టారు బాస్ నాబ్ తగ్గించి, మధ్య స్వరాల నాబ్ (మిడిల్) పెంచారు. తిక్కగా అనిపించింది గానీ వెనక బెంచీలో కూర్చుంటే ఇప్పుడు ప్రతి స్వరం విడివిడిగా తెలుస్తోంది. డ్రమ్ముల మోత బాస్‌ని మింగేయకుండా వాటి మీద తువ్వాలు పరిచాం, డ్రమ్ముల బాబు రెండు రోజులు అలిగాడు.

ఇంట్లో పాత ఆంపులున్నవాళ్లకి ఒక మాట. వాల్వు ఆంప్ వెనక మూత పిల్లల్ని విప్పనివ్వకండి, ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలవుండొచ్చు. స్పీకర్ తగిలించకుండా వాల్వు ఆంప్ ఆన్ చేసి వాయిస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని బదులు రాగి తీగ చుట్టమని గ్రూపులో సలహా ఇచ్చిన నాన్నగారెవరో, దయచేసి మీ ఇంట్లో కూడా ఆ పని చేయకండి.

ఇంకా పెంచమంటే పెంచను. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటే 88 దగ్గర నాలుగు గంటలే, 91 దగ్గర రెండే. పిల్లల చెవులు మనకంటే ఇంకా చాలా ఏళ్లు పనిచేయాలి. పైగా 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం బడి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించొచ్చు, ఆ బోర్డు మన గేటుకే ఉంది.

రిహార్సల్స్ శనివారం మూడింటి నుంచి ఐదింటిదాకా. ఇంట్లో మంచి గిటార్ కేబుల్ ఖాళీగా ఉంటే పంపండి, మాది వొంచితే టకటకమంటోంది. వార్షికోత్సవం రోజు ఆంప్ స్టేజికి ఎడమ మూలన ఉంటుంది, చంటిపిల్లలతో వచ్చేవాళ్లు, అమ్మమ్మలు, తాతయ్యలు కుడివైపు కూర్చోండి.

మీ
హెడ్‌మిస్ట్రెస్