ఆ కనెక్టింగ్ రాడ్లు వెనక్కి పంపేశాం, మీ బళ్లు అందుకే ఆలస్యం

పర్లాకిమిడి, పాతపట్నం, కాశీనగర్, గుణుపూర్ వైపు నుంచి మా షెడ్డుకి కార్లు తెచ్చే అందరికీ నమస్కారం.

మహేంద్రతనయ నది పొంగినప్పుడు రోడ్డు మీద నీళ్లలో ఆగిపోయి వచ్చిన కార్లలో చాలావరకు ఇచ్చేశాం. సెల్ఫ్ కొట్టకుండా తాడేసి లాక్కొచ్చినవన్నీ వెళ్లిపోయాయి. మిగిలినవి, ఆగిపోయాక మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టిన డీజిల్ బళ్లు. ఇంజిన్ పై భాగం (హెడ్డు) దింపి, ఆయిల్ చాంబర్ విప్పి అలాగే ఉన్నాయి. ఇస్తామన్న తారీఖు దాటిపోయింది. "వాళ్లకి పని చేతకాక నానుస్తున్నారు" అని బజార్లో అంటున్నారని తెలిసింది. పని ఎప్పుడో అయిపోయేది. బిగించమని వచ్చిన కనెక్టింగ్ రాడ్లే (పిస్టన్‌ని కింది క్రాంకుకి కలిపే ఉక్కు కడ్డీలు) బిగించదగ్గవి కావు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాం.

గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. నాలుగు సిలిండర్ల 1248 సీసీ డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 312 సీసీ. కంప్రెషన్ (గాలిని నొక్కే నిష్పత్తి) సుమారు 17:1 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 20 మిల్లీలీటర్ల లోపే, అంటే నాలుగు టీ స్పూన్లు. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైదాకా వెళ్లలేదు. కింద తిరిగే క్రాంకు మాత్రం తోస్తూనే ఉంటుంది. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. పెట్రోల్ కారులో ఆ చోటు 30 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది కాబట్టి కొన్ని బతికిపోతాయి. డీజిల్‌కి ఆ అదృష్టం తక్కువ.

ఇక్కడ చాలామంది మోసపోయేది ఒకటుంది. రాడ్డు కొంచెమే వంగితే ఇంజిన్ స్టార్టవుతుంది, నడుస్తుంది కూడా. కాస్త వణుకు, కాస్త పొగ, అంతే. అది వంగిందని చెవికి తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. హెడ్డు దింపాక నాలుగు పిస్టన్లనూ ఒక్కొక్కటిగా పూర్తిగా పైకి తెచ్చి, బ్లాకు అంచు నుంచి ఎత్తు సన్నని తేడా కూడా చూపే డయల్ గేజ్‌తో చూస్తాం. వంగిన రాడ్డున్న పిస్టన్ మిగతా వాటికన్నా కిందే ఆగిపోతుంది. సిలిండర్ పైభాగంలో మసి గీత కూడా పాత చోటు నుంచి జరిగి ఉంటుంది.

వంగిన రాడ్లకి బదులు కొత్త సెట్లకి ఆర్డరిచ్చాం. ఇన్నాళ్లూ మాకు సరుకిచ్చిన బయటి ఊరి డీలరే పంపాడు. డబ్బా కొత్తది, సీలు కొత్తది, బిల్లులో "కొత్తవి" అనే ఉంది. డబ్బా విప్పగానే క్యాపు (రాడ్డు కింది చివరని మూసే విడి ముక్క) బోల్టుల థ్రెడ్ల మీద రాపిడి కనిపించింది. ఆ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం, ఒకసారి వాడితే మళ్లీ వాడకూడదు. కొత్త రాడ్డుతో వచ్చిన బోల్టుకి రాపిడి ఎక్కడిది?

అక్కడితో ఆగకుండా అన్నీ బల్ల మీద పరిచాం. ఇప్పటి చాలా రాడ్లలో క్రాంకుని పట్టే బిగ్ ఎండ్‌ని రంపంతో కోయరు, ఒక్క దెబ్బతో విరగ్గొట్టి రెండు చేస్తారు. విరిగిన గరుకు ముఖాలు ఒకదానిలో ఒకటి అతుక్కుంటాయి కాబట్టి ఏ క్యాపు ఆ రాడ్డుకే సరిపోతుంది. వీటిలో ఒకదానికి క్యాపు పెడితే అంచు మెట్టులా గోటికి తగిలింది. అది వేరే రాడ్డు క్యాపు. తూకం వేశాం. ఒక సెట్టులో నాలుగూ కొద్ది గ్రాముల తేడాలోనే ఉండాలి, ఒకటి స్పష్టంగా బరువెక్కువ. తర్వాత రెండు చివర్లకీ మాండ్రెల్ (కొలతకి వాడే తిన్నని కడ్డీ) ఎక్కించి వంపు, మెలిక చూశాం. మామూలుగా 100 మిల్లీమీటర్ల పొడవుకి వంపు 0.05, మెలిక 0.10 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండు రాడ్లు దాటాయి. వాటి నడుం మీద ప్రెస్సు పెట్టి నొక్కిన గుర్తుంది, దాన్ని ఎమరీతో రుద్ది కప్పెట్టారు. ఎవరి వరద కారులోంచో తీసినవే తిన్నగా చేసి మనకి పంపారన్నమాట. ఫోన్ చేసి అడిగితే డీలర్ నీళ్లు నమిలాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మా దగ్గర కొలతలుండవనుకున్నాడా?

తిన్నగా చేసిన రాడ్డు వేస్తే తప్పేంటని టాక్సీ నడిపేవాళ్లు ఇద్దరు ముగ్గురు గట్టిగానే అడిగారు. వాళ్ల బాధ న్యాయమే. బండి ఆగితే వాయిదా ఆగదు, పెళ్లి బాడుగలు వేరేవాళ్లకి పోతాయి. చాలా చోట్ల వేస్తారు కూడా, కొన్ని బాగానే నడుస్తాయి. ఆ రాత్రి మేమూ ఊగిసలాడాం. లేత్ షాపులో తిన్నగా చేయించి తెల్లారేసరికి బిగించేస్తే నలుగురి నోళ్లు మూతపడేవి. కానీ ఒకసారి వంగిన ఉక్కుని వెనక్కి వంచితే వంగిన చోట కంటికి కనపడని చీలికలు మిగలొచ్చు. 4000 ఆర్‌పీఎమ్ దగ్గర క్రాంకు సెకనుకి 66 చుట్లకి పైగా తిరుగుతుంది, ప్రతి చుట్టుకీ ఆ రాడ్డు ఓసారి నలిగి ఓసారి సాగుతుంది. ఆ చీలిక ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. తెగితే బ్లాకుకి కన్నం పెట్టుకుని బయటికొస్తుంది. అప్పుడు రాడ్డు ఖర్చు కాదు, మొత్తం హాఫ్ ఇంజిన్ (బ్లాకు, క్రాంకు, పిస్టన్లున్న కింది భాగం) ఖర్చు. ఘాటీ రోడ్డు మీద అదే జరిగితే ఆయిల్ టైర్ల కింద పడుతుంది. అందుకే వేయం. తొందరున్నవాళ్లు బండి తీసుకుపోవచ్చు. విప్పిన సామాన్లన్నీ ట్రేల్లో సిలిండర్ నంబరు రాసి ఇస్తాం, విప్పిన కూలి తప్ప ఇంకేమీ అడగం. ఆ రాడ్లు మాత్రం మా స్పానర్‌తో బిగించం. మొండితనం అనుకుంటే అనుకోండి.

వేరేచోట నుంచి కొత్త సెట్లు తెప్పిస్తున్నాం. ఈసారి డబ్బా మీ ఎదుటే విప్పుతాం. తూకం, వంపు, మెలిక, పిస్టన్ ఎత్తు కాగితం మీద రాసి బిల్లుతో పాటు ఇస్తాం. పాత రాడ్లు సంచిలో పెట్టి మీ డిక్కీలోనే ఉంచుతాం. వచ్చిన రేటు తేడా మాదే, మీ దగ్గర వసూలు చేయం. బోల్టులు, బేరింగులు, హెడ్ గాస్కెట్ కొత్తవే. ఇంజిన్ లేచాక కాసేపు నడిపి మొదటి ఆయిల్, ఫిల్టర్ తీసేస్తాం, తర్వాత రెండోసారి పోసేదే ఉంచుతాం. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌నీ దాని పైపులనూ విప్పి ఆరబెట్టడం అయిపోయింది. అక్కడ నిలిచిన నీళ్లే మళ్లీ లోపలికి పోయి కొత్త రాడ్డునీ వంచేస్తాయి.

ఇన్సూరెన్సు గురించి అడుగుతున్నవాళ్లకి: థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే వరద నష్టం రాదు. ఫుల్ పాలసీ ఉన్నా, నీళ్లు తాగి పాడైన ఇంజిన్‌కి మామూలుగా ఇవ్వరు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే కవర్ అదనంగా కట్టి ఉండాలి. సర్వేయర్ చూడకుండా ఏదీ విప్పించకండి.

ఇప్పుడే బయటికెళ్లిన బళ్లకి నాలుగు మాటలు. నీళ్లలో తడిసిన డ్రమ్ములు పట్టేస్తాయి, కొన్నాళ్లు హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో పెట్టి రాయి వేయండి. కార్పెట్ కింది స్పాంజిలో తడి వాసనొస్తే మళ్లీ తీసుకురండి. సీట్లు విప్పి ఆరబెట్టకపోతే వాటి కిందున్న వైరింగ్ కనెక్టర్లకి పచ్చటి చిలుం పడుతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ ఒకసారి చూపించండి. పాలు పోసిన టీలా ఉంటే బ్రీదర్ (దాని గాలి రంధ్రం) లోంచి నీళ్లు వెళ్లినట్టే.

ఇంకా వానలున్నాయి. కల్వర్టు మీద నీళ్లు చక్రం సగానికి వస్తే వెనక్కి తిరగండి. ఎదుటి నుంచి బస్సు వస్తే దాని అల బానెట్ దాకా లేస్తుంది, గాలి పీల్చే గొట్టం చాలా కార్లకి అక్కడే ఉంటుంది. బండి నీళ్లలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి ఫోన్ చేయండి, ఆటోమేటిక్ అయితే నాలుగు చక్రాలూ పైకెక్కే బండే పంపుతాం. తాడు మా దగ్గరుంది.