మన్యం గుర్రాలకు ఆపరేషన్ ఎక్కడ?

సంపాదకుల వారికి,

అల్లూరి సీతారామరాజు జిల్లాలో బండి వెళ్లలేని కొండ గ్రామాలకు బియ్యం బస్తాలు చేరాలన్నా, అక్కడి కాఫీ గింజలు, మిరియాలు సంతకు దిగాలన్నా నేటికీ గుర్రమే ఆధారం. అటువంటి గుర్రానికి హెర్నియా (కడుపు గోడలోని రంధ్రం గుండా పేగు బయటికి జారడం) వస్తే ఏం చేయాలో చెప్పేవారు దగ్గరలో లేరన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

మా పొరుగు ఊరిలో నాలుగు నెలల గుర్రపు పిల్ల బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తే, చీముగడ్డ అనుకుని ఇంటివారు బ్లేడుతో కోశారు. లోపల ఉన్నది పేగు. సాయంత్రానికి పిల్ల చనిపోయింది. పుట్టిన తర్వాత మూసుకుపోవలసిన బొడ్డు రంధ్రం మూసుకోక, దానిగుండా పేగు చర్మం కిందికి జారితే అటువంటి ఉబ్బు వస్తుంది. మెల్లగా నొక్కినప్పుడు అది లోపలికి పోయి, వేలికి రంధ్రం అంచు తగిలితే చాలావరకు హెర్నియా అనుకోవచ్చు. రంధ్రం రెండు మూడు వేళ్లు పట్టేంత చిన్నదైతే, వైద్యుడు చూపినట్టు రోజూ లోపలికి నెడుతూ కనిపెట్టుకుని ఉంటే, ఏడాది లోపల కత్తి అవసరం లేకుండానే తరచూ మూసుకుపోతుంది.

ఉబ్బు గట్టిపడి, వేడెక్కి, నొక్కినా లోపలికి పోకుండా, గుర్రం మేత మాని నేల మీద పొర్లుతుంటే మాత్రం పేగు బిగుసుకుపోయిందనే భయపడాలి; గంటల్లోనే ఆపరేషన్ జరగాలి. మగ గుర్రానికి గజ్జలో పేగు జారి బిగిసినప్పుడూ ఇంతే. ఆ వైపు వృషణాన్ని సాధారణంగా తీసివేయవలసి వస్తుంది గానీ, సకాలంలో చేస్తే ప్రాణం దక్కుతుంది. వాతలు పెట్టి కూర్చుంటే దక్కదు.

నిజానికి పేదవాడిని కుంగదీసేది ఆపరేషన్ తర్వాతి కాలం. సుమారు ఒక నెల కొట్టంలోనే విశ్రాంతి ఇచ్చి, మరో నెల పగ్గం పట్టుకుని నడిపించి, ఆ పైన కొన్నాళ్లు చిన్న ఆవరణలో వదిలి, అప్పుడు గానీ పనిలో పెట్టకూడదు. తొందరపడి వీపున బస్తా వేస్తే కుట్టిన చోటే మళ్లీ తెగవచ్చు. మూడు నెలలు గుర్రం కదలకపోతే ఆ ఇంటికి రాబడి ఉండదు. అందుకని గాయం మానకముందే సంతకు తోలుకెళ్లే యజమానిని నేను తప్పుపట్టలేను.

కాబట్టి పశుసంవర్ధక శాఖ గరివిడి పశువైద్య కళాశాలలో గుర్రాలకు మత్తు ఇచ్చి కడుపు ఆపరేషన్ చేయగల ఏర్పాటు ఎల్లవేళలా ఉండేలా చూడాలి. రోడ్డు దాకా నడిపించి తెచ్చిన గుర్రాన్ని 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ అక్కడికి చేర్చాలి. కోలుకునే మూడు నెలలకు దాణాతో పాటు కొంత జీవనభృతి ఇవ్వాలి. వీటికి సమయం పడుతుందనుకున్నా, బొడ్డు ఉబ్బును కోయవద్దని తెలుగుతో పాటు కువి, ఆదివాసీ ఒడియా భాషల్లో వచ్చే వారం సంత నుంచే చాటింపు వేయించవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, పాడేరు