మైకు కొనలేదు: మన వైర్‌లెస్ పాడ్‌కాస్ట్ జమా ఖర్చులు, 2025–26

శ్రోతలందరికీ నమస్కారం.

మీరు ఎలాగూ అడిగేదే కాబట్టి ముందే చెప్పేస్తాం. ఆగిపోయిన మన వైర్‌లెస్ పాడ్‌కాస్ట్‌ని మళ్లీ మొదలుపెట్టడానికి 2025 ఏప్రిల్‌లో చందాలు అడిగినప్పుడు చిన్న స్టూడియో పెడతామన్నాం. రెండు పెద్ద మైకులు, వాటిని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, గోడలకి ఫోము, అన్నీ కలిపి 60,000 అవుతుందని అంచనా వేసి మరీ చూపించాం. ఆ మైకులు కొనలేదు. ఫోమూ కొనలేదు. డబ్బు మాత్రం చాలావరకు అయిపోయింది. ఎటు పోయిందో ఇదీ లెక్క. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు, రూపాయల్లో.

జమ
యూపీఐ ద్వారా 143 మంది చందాలు: 71,340
నగదుగా 11 మంది: 9,500
పాత పాడ్‌కాస్ట్ ఖాతాలో మిగిలిన డబ్బు: 2,215
బ్యాంకు వడ్డీ: 412
మొత్తం జమ: 83,467

ఖర్చు
వెబ్ చిరునామా విడిపించడం, ఏడాది రెన్యువల్: 9,870
ఆడియో హోస్టింగ్ (ఎపిసోడ్లు నెట్‌లో ఉంచడం), ఏడాదికి (12,000 + జీఎస్టీ 2,160): 14,160
పాత ఎపిసోడ్లు వెలికితీయడం: 7,240
సెకండ్ హ్యాండ్ రికార్డర్, రెండు కాలర్ మైకులు: 11,800
ఫెరైట్ క్లిప్పులు (మైకు వైర్లకి గరగర తగ్గించేవి): 640
ప్రయాణాలు: 13,385
ఎడిటింగ్, 9 ఎపిసోడ్లకి: 9,000
బ్యాంకు చార్జీలు: 118
మొత్తం ఖర్చు: 66,213

నిల్వ: 17,254 (బ్యాంకులో 16,804, చేతిలో 450)

ఇప్పుడు వివరాలు.

పాడ్‌కాస్ట్ ఆగిపోయింది 2022లో. వెబ్ చిరునామాకి మాత్రం 2025 దాకా ముందే కట్టి ఉంది, అందుకే ఎవరం పట్టించుకోలేదు. చందాలు అడగడం మొదలుపెట్టిన వారానికి చూస్తే, గడువు దాటి రెండు నెలలైంది. గుర్తుచేస్తూ వచ్చిన మెయిళ్లన్నీ ఎవరూ తెరవని పాత ఇన్‌బాక్సులో పడి ఉన్నాయి. గడువు దాటిన చిరునామాని వెంటనే వేరేవాళ్లకి ఇచ్చేయరు. కొన్నాళ్లు మామూలు ధరకే తీసుకోవచ్చు. అదీ దాటితే ఇంకో 30 రోజులు జరిమానా కట్టి విడిపించుకునే వీలుంటుంది. మేం ఆ 30 రోజుల్లో ఇరుక్కున్నాం. “కొత్త పేరు పెట్టుకుంటే వెయ్యిలోపు అయిపోయేది కదా” అని కొందరన్నారు. నిజమే. కానీ మీ ఫోన్లలోని యాప్‌లన్నీ కొత్త ఎపిసోడ్ వచ్చిందా అని ఇప్పటికీ తలుపు తట్టేది ఆ పాత చిరునామానే. అది ఇంకొకరి చేతికి పోతే పాత శ్రోతలెవరికీ మనం మళ్లీ మొదలుపెట్టామన్న కబురే అందదు. తాకట్టు పెట్టిన నగ విడిపించినట్టు కట్టి తెచ్చుకున్నాం.

పాత ఎపిసోడ్ల కథ ఇంకోటి. మొత్తం 88. బిల్లు కట్టలేదని హోస్టింగ్ కంపెనీ 2023లో అన్నీ తీసేసింది. అందులో వాళ్ల తప్పేం లేదు. అప్పట్లో పాడ్‌కాస్ట్ నడిపినాయన దగ్గర హార్డ్ డిస్క్ ఉంది గానీ, పెడితే టిక్కు టిక్కుమని కొట్టుకోవడం తప్ప తెరుచుకోలేదు. సికింద్రాబాద్‌లో ఒక డేటా రికవరీ షాపులో 6,500 ఇస్తే 52 దొరికాయి. మిగతావి మీ దగ్గరే ఉంటాయని అడిగాం. ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి మర్చిపోయినవి, ఇంట్లో పెద్దవాళ్లకి వాట్సాప్‌లో పంపినవి, అన్నీ కలిపి 19 వచ్చాయి. శ్రీకాకుళం నుంచి ఒకరు మెమరీ కార్డుని పెళ్లి శుభలేఖలో చుట్టి పంపారు. తిరిగి పంపిన కొరియర్లకి, పెన్‌డ్రైవులకి 740 అయింది. అలా 71 ఇంటికి చేరాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ గారి హామ్ (ఔత్సాహిక రేడియో) బృందం కబుర్లు ఎలా చేరవేసిందో చెప్పిన ఎపిసోడ్ దొరికింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరి 2014 దాకా పనిచేసిన హామ్‌శాట్ ఉపగ్రహం మీద రెండు భాగాలు చేశాం కదా, మొదటిది దొరకలేదు. ఎవరి ఫోన్లోనైనా ఉంటే పంపండి.

స్టూడియో డబ్బు ఇలా కరిగిపోతుంటే కమిటీలో కొట్లాటే అయింది. చెప్పిన పనికే వాడాలని ఇద్దరు, ఫోము అంటించిన గదిలో కూర్చుని రొయ్యల చెరువు గురించి మాట్లాడుకుంటే ఎవరు వింటారు, అక్కడికే వెళ్లాలని ముగ్గురు. ముగ్గురి మాటే నెగ్గింది. కానీ మిమ్మల్ని అడగకుండా మార్చాం, అది తప్పే. మళ్లీ ఇలాంటిదొస్తే ముందు అడుగుతాం.

ప్రయాణాల్లో విశాఖకి 4,920. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి సెల్ టవర్లు మూగబోయిన రోజుల్ని గుర్తున్నవాళ్ల నోటనే చెప్పించాలని వెళ్లాం. హైదరాబాద్‌కి 3,615. భీమవరానికి రెండుసార్లు కలిపి 2,530. చిన్నాచితకా 2,320.

భీమవరం రెండుసార్లు ఎందుకంటే, మా తెలివితక్కువతనం. రొయ్యల చెరువులో తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే పంట మొత్తం తేలిపోతుంది. అందుకని కొందరు రైతులు చెరువులో సెన్సర్ దింపి, గట్టున వెదురు బొంగుకి చిన్న పెట్టె కట్టారు. ఆక్సిజన్ ఎంతుందో అది లోరా అనే రేడియో పద్ధతిలో ఊళ్లోని డాబా మీదికి పంపుతుంది. 865–867 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్‌తో వాడుకోవడానికి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. ఒకేసారి నాలుగు అంకెలు పంపితే చాలు కాబట్టి వైఫై చేరని దూరం కూడా చేరుతుంది. ఇదంతా గట్టు మీద నిలబడి వాళ్లలో ఒక రైతు నలభై నిమిషాలు చక్కగా చెప్పారు. ఇంటికొచ్చి వింటే మాట మాటకీ “డిడిడిట్ డిడిడిట్ డర్ర్ర్”.

ఆయన చొక్కా జేబులో కీప్యాడ్ ఫోనుంది. దానికి జానెడు పైన మన కాలర్ మైకు. మేతవాళ్లు, రొయ్యలు కొనేవాళ్లు వరసగా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. “సైలెంట్‌లో పెట్టానండీ, మీకు ఇబ్బందని” అన్నారాయన పాపం. మోగకపోయినా ఫోను టవరుతో మాట్లాడుతూనే ఉంటుంది. 2జీ ఫోను సిగ్నల్ని ఏకధాటిగా పంపదు, సెకనుకి 217 సార్లు ముక్కలుగా విసురుతుంది. పక్కనున్న మైకు వైరు ఏరియల్‌లా దాన్ని పట్టేసుకుంటుంది. ఆ గరగర అదే. వైర్‌లెస్ గురించి చెప్పే పాడ్‌కాస్ట్‌ని వైర్‌లెస్సే పాడుచేసింది. రికార్డింగ్ జరుగుతుండగా హెడ్‌ఫోన్ పెట్టుకుని వినుంటే అప్పుడే తెలిసేది. పెట్టుకోలేదు. రెండో ప్రయాణం ఖర్చు 1,265 అలా వచ్చింది. కంగారులో 640 పెట్టి వైర్లకి తగిలించే ఫెరైట్ క్లిప్పులూ కొన్నాం. గరగర కొంచెం తగ్గింది. రెండోసారి వెళ్లినప్పుడు ఫోను తీసి మోటారు షెడ్డులో పెట్టమన్నాం, పూర్తిగా పోయింది. దానికి పైసా కాలేదు.

ఎడిటింగ్‌కి ఎపిసోడ్‌కి 1,000 ఎందుకు, ఫ్రీగా చేసేవాళ్లు దొరకరా అని ఒకరడిగారు. దొరుకుతారు. మొదటిసారి అలాగే నడిపాం. సేవ పేరు చెప్పి మొత్తం పని ఒక్కరి నెత్తిన పెట్టాం. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి రెండింటిదాకా కూర్చుని, బాబు పుట్టాక ఇక నా వల్ల కాదన్నారు. పాడ్‌కాస్ట్ ఆగింది అందుకే, శ్రోతలు లేక కాదు. ఇప్పుడు చేస్తున్నది ఇంజినీరింగ్ కుర్రాడు. వెయ్యి తక్కువేనని నా అభిప్రాయం.

రానివ్వని డబ్బు గురించి కూడా చెప్పాలి. మొబైల్ సిగ్నల్ బూస్టర్లు అమ్మే ఒక సంస్థ 40,000 స్పాన్సర్‌షిప్ ఇస్తామంది. మన దేశంలో టెలికాం కంపెనీలు తప్ప ఎవరు పడితే వాళ్లు బూస్టర్ బిగించుకోవడం చట్టరీత్యా నేరం. అది మనమే ఒక ఎపిసోడ్‌లో చెప్పాం. వద్దన్నాం. న్యూజెర్సీ నుంచి ఒక శ్రోత 200 డాలర్లు పంపుతానన్నారు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. అలాంటివాళ్ల డబ్బు విదేశీ విరాళాల చట్టం కిందకి వస్తుంది, మనకి ఆ రిజిస్ట్రేషన్ లేదు. ఆయనకి కొంచెం మనసు నొచ్చుకుంది. “నేను పరాయివాణ్ణా?” అన్నారు. చట్టానికి పాస్‌పోర్టే లెక్క. బదులుగా పాత ఎపిసోడ్లలో మూడు ఆయనే పంపారు. పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జీ రశీదులు అడిగినవారికి: ఇవ్వలేం, మన్నించండి.

నిల్వ 17,254 ఉంది కదా అని మిగులు అనుకోకండి. జూన్‌లో హోస్టింగ్‌కి మళ్లీ 14,160 కట్టాలి. పదో ఎపిసోడ్ ఎడిటింగ్ 1,000 బాకీ ఉంది. రెండూ పోతే 2,094 ఉంటుంది.

బిల్లులు, పాస్‌బుక్కు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఏ ఆదివారమైనా వచ్చి చూసుకోవచ్చు. ఆటో ఖర్చులు 1,020కి మాత్రం రశీదుల్లేవు, చీటీ మీద రాసుకున్నవే. ఇంకో మాట. ఆగస్టులో 501 రూపాయలు వచ్చింది, పేరు చోట ఏదో కిరాణా కొట్టు పేరుంది. ఎవరు వేశారో ఎంత కనుక్కున్నా తెలియలేదు. మీరే అయితే చెప్పండి, రశీదు రాసి ఉంచాం.