సమస్య అలాగే ఉంది, టికెట్ మాత్రం మూసేశారు

కస్టమర్ సర్వీస్ విభాగం హెడ్ గారికి,

విషయం: విజయవాడ రైడ్‌లో పాడైన సైకిల్ గురించి నేనిచ్చిన ఫిర్యాదును (మీ భాషలో టికెట్‌ను) నాతో మాట్లాడకుండానే పదే పదే మూసేయడం.

అయ్యా,

నిన్న మధ్యాహ్నం మీ కంపెనీ నుంచి మళ్లీ మెసేజ్ వచ్చింది. 'మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి' అని. అప్పటికి మీ సైకిల్ మా బాల్కనీలో తలకిందులుగా పెట్టి ఉంది. పెడల్ తిప్పితే చైన్ తిరుగుతోంది, వెనక చక్రం మాత్రం కదలడం లేదు. రైడ్ రోజున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మీవాళ్లెవరూ దాన్ని బాగుచేయలేదు. మరి ఏ సమస్య పరిష్కారమైందని టికెట్ మూసేశారు?

జరిగిందంతా మీ ఫైల్లో ఉండాలి. ఎవరూ చదివినట్టు లేదు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. తలసీమియా పిల్లల వైద్యానికి విరాళాలు పోగుచేసే రైడ్ అది. ఎల్బీనగర్ నుంచి విజయవాడ దాకా, 65వ నంబరు జాతీయ రహదారి మీద. ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించేకొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది, అది పోవడానికి వేరే మందులు వాడాలి. ఒక నెలతో, ఒక ఏడాదితో తీరే ఖర్చు కాదు. అందుకే మా ఆఫీసువాళ్లు, అపార్ట్‌మెంట్‌వాళ్లు నేను తొక్కే కిలోమీటరుకు ఇంత అని రాసిచ్చారు.

చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట దాటాను. కోదాడ ఇంకా రాకముందే ఫ్రీవీల్, అంటే పెడల్ తొక్కితే వెనక చక్రాన్ని తిప్పే భాగం, పట్టు వదిలేసింది. వెనక లారీలు హారన్ కొడుతుంటే సైకిల్‌ను రోడ్డు పక్కకు లాక్కెళ్లి, సపోర్ట్ వ్యాన్ ఎక్కి కూర్చున్నాను. తొక్కని దూరానికి రావాల్సిన డబ్బు నేనే కట్టేశాను. నా సైకిల్ ఆగిందని పిల్లలకు తగ్గకూడదు కదా. ఆ డబ్బు మిమ్మల్ని అడగడం లేదు. వస్తువన్నాక పాడవుతుంది. ఆ రోజు బాధపడ్డాను తప్ప మీ మీద కోపం రాలేదు. కోపం ఆ తర్వాత మీవాళ్లు తెప్పించారు.

ముందు సికింద్రాబాద్‌లో సైకిల్ కొన్న షోరూమ్‌కే వెళ్లాను. కొనేటప్పుడు కూర్చోబెట్టి, టీ తెప్పించి, 'విజయవాడ ఏంటి సార్, వైజాగ్ దాకా కొట్టండి, ఏం కాదు' అన్న మనిషే ఈసారి కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. 'అమ్మడం వరకే మాది సార్, కస్టమర్ కేర్‌కు చేయండి' అన్నాడు. కస్టమర్ కేర్‌కు చేసి, తెలుగు కోసం నొక్కమన్న నంబరు నొక్కితే హిందీలో మాట్లాడే ఒకమ్మాయి లైన్లోకి వచ్చింది. నేను చెప్పిందంతా విని, సర్వీస్ సెంటర్ రిపోర్ట్ ఉంటేనే కంప్లయింట్ నమోదు చేస్తామంది. సరేనని నాచారం నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిల్‌ను బాలానగర్‌లోని మీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, టికెట్ నంబర్ లేనిదే బండి దించుకోం అన్నారు. రిపోర్ట్ లేకపోతే టికెట్ ఇవ్వరు, టికెట్ లేకపోతే రిపోర్ట్ ఇవ్వరు. ఈ రూలు పెట్టినవాళ్లు ఒక్కసారైనా కస్టమర్ స్థానంలో నిలబడి ఆలోచించారా? అక్కడున్న మెకానిక్ కుర్రాడొక్కడే ఆటో ఎక్కి చక్రం తిప్పి చూశాడు. 'అన్నా, ఇది లోపలి పార్టే పోయింది, మీరు తొక్కడంలో ఏం లేదు. కానీ నేను రాసివ్వలేను, నా ఉద్యోగం పోతది' అన్నాడు. అతని మీద నాకే ఫిర్యాదూ లేదు. మీ మొత్తం కంపెనీలో నిజం చెప్పింది అతనొక్కడే.

చివరికి ఎలాగో టికెట్ ఇచ్చారు. బిల్లు పంపమన్నారు, పంపాను. వీడియో అడిగారు, పంపాను. ఫ్రేమ్ నంబర్ ఫొటో కావాలంటే నేల మీద పడుకుని తీసి పంపాను. ఆ తర్వాత ఇంకొకరెవరో ఫోన్ చేసి మళ్లీ మొదటి నుంచి బిల్లు పంపమన్నారు. సూపర్‌వైజర్‌ను ఇవ్వమంటే మీటింగ్‌లో ఉన్నారు, 24 గంటల్లో ఆయనే చేస్తారన్నారు. ఆ ఫోన్ ఈరోజుకీ రాలేదు. వచ్చింది ఒక మెయిల్. పోటీల్లో వాడిన సైకిళ్లకు వారంటీ వర్తించదట! అది పోటీ కాదు, టైమ్ చూసేవాళ్లు లేరు, గెలిచేవాళ్లు లేరు, ప్రైజుల్లేవు, జబ్బుపడిన పిల్లల కోసం తొక్కిన రైడ్ అని వివరంగా రాశాను. దానికి జవాబు లేదు. టికెట్ మూసేశారు. మళ్లీ తెరిపించాను, మళ్లీ మూసేశారు.

మా నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ మీ సైకిల్ మీదే తిరిగారు. నేను నేర్చుకున్నదీ దాని మీదే. మా అమ్మాయికీ మీ సైకిలే కొన్నాను. మా ఆఫీసులో ఎవరు సైకిల్ కొనాలన్నా నన్నే అడుగుతారు, నేను మీ పేరే చెప్పేవాణ్ని. అంతగా నమ్మినవాడి కోసం ఐదు నిమిషాలు ఫోన్లో మాట్లాడే మనిషి మీ దగ్గర లేకపోయాడన్నదే నాకు కష్టంగా ఉంది.

మొదట్లోనే వెనక చక్రం మార్చి ఇచ్చి ఉంటే అంతటితో అయిపోయేది. ఇప్పుడు అది చాలదు. చక్రం ఎలాగూ మార్చాలి, దానితోపాటు విరాళాల కోసం చేసే రైడ్ పోటీ కిందకు రాదని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. నగరంలో ఇలాంటి రైడ్లకు వెళ్లేవాళ్లు ఎందరో ఉన్నారు, రేపు వాళ్లకూ ఇదే సమాధానం చెబుతారు. రాసివ్వకపోతే సైకిల్ మొత్తం ధర వెనక్కి అడుగుతాను, పరిహారం కూడా అడుగుతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. మీవాళ్లు పంపిన ప్రతి మెసేజ్, ప్రతి మెయిల్ ప్రింటు తీసి పెట్టాను. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మా రైడ్‌లో వచ్చినవాళ్లందరికీ ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఈసారి ఫోన్ చేసేవాళ్లు ముందు ఫైల్ చదవాలి, తెలుగులో మాట్లాడాలి. బిల్లు మాత్రం మళ్లీ పంపను.

ఇట్లు,
మీ కస్టమర్,
నాచారం, హైదరాబాద్