బెల్‌ఫాస్ట్ సినిమా పిల్లలకు చూపించే ముందు

సంపాదకులకు,

నమస్కారం. కెన్నెత్ బ్రానా తీసిన 'బెల్‌ఫాస్ట్' (2021) గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో పెరుగుతున్న బడ్డీ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడి కథ ఇది. బాల్యపు తీపి జ్ఞాపకాల సినిమా అని మెచ్చుకుంటూ, హైస్కూలు పిల్లలకు తప్పక చూపించాలని రాశారు. చూపించాల్సిన సినిమానే. కానీ ప్రొజెక్టర్ తగిలించి ఊరికే వేసేస్తే, మన పిల్లలు దాన్ని ఏదో రెండు మతాల కొట్లాటగా, తాతా మనవళ్ల ముచ్చటగా చూసి ఇంటికి వెళ్లిపోతారు. అసలు గొడవ దేనికో సినిమా చెప్పదు. కథ ఎక్కువగా ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడి కళ్లతోనే నడుస్తుంది. ఆ ఖాళీని సినిమా మొదలయ్యేలోపు మనమే పూరించాలి.

కథ 1969 ఆగస్టు 15న మొదలవుతుంది. ఆ తేదీ తెరమీద పడగానే మన పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుతారు. నవ్వనివ్వండి, తేదీ గుర్తుండిపోతుంది. 1921లో ఐర్లండ్‌ను విభజించినప్పుడు ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లోనే ఉండిపోయింది. అక్కడి క్రైస్తవుల్లో రెండు శాఖలు: ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది బ్రిటన్‌తోనే ఉండాలంటారు, కేథలిక్కుల్లో ఎక్కువమంది ఐర్లండ్‌లో కలవాలంటారు. చర్చిలో ప్రార్థన ఎలా చేయాలన్నది తగువు కాదు. దేశం ఏది, ఇల్లు ఎవరికి, ఓటు ఎవరికి అన్నవే తగువులు.

ఇల్లు, ఓటు అన్నవి రెండూ ఒకటే ముడి. అప్పట్లో అక్కడ స్థానిక ఎన్నికల్లో ఓటు ఇంటి యజమానికో అద్దెకున్న కుటుంబ పెద్దకో, వారి భార్యకో భర్తకో మాత్రమే ఉండేది. పెళ్లీడుకొచ్చినా అమ్మానాన్నల దగ్గరే ఉంటున్న కొడుక్కి ఓటు లేదు, ఒక గది అద్దెకు తీసుకున్నవాడికి లేదు. కంపెనీలు మాత్రం తమ తరఫున అదనపు ఓటర్లను పెట్టుకోవచ్చు. ఈ నియమం వల్ల పేద ప్రొటెస్టెంట్లూ నష్టపోయారు గానీ దెబ్బ ఎక్కువగా కేథలిక్కులకే తగిలింది. స్థానిక కౌన్సిల్ ఒక ఇల్లు కేటాయించిందంటే రెండు ఓట్లు ఇచ్చినట్టే. అందుకే ఇళ్ల కేటాయింపు అంత రాజకీయమైంది. 1968 జూన్‌లో కేలెడన్ అనే చిన్న ఊళ్లో, పిల్లలున్న కేథలిక్ కుటుంబాలు ఎదురుచూస్తుండగా, పందొమ్మిదేళ్ల పెళ్లికాని ప్రొటెస్టెంట్ అమ్మాయికి ఇల్లు ఇచ్చారు. ఆస్టిన్ కర్రీ అనే శాసనసభ్యుడు ఆ ఇంట్లోకి వెళ్లి కూర్చుంటే పోలీసులు బయటికి లాగేశారు. ఆ అక్టోబర్ 5న డెరీ పట్టణంలో పౌరహక్కుల ఊరేగింపు మీద లాఠీలు ఆడాయి, ఆ దృశ్యాలు టీవీలో అందరూ చూశారు. మరుసటి ఏడాది ఆగస్టు 12న డెరీలోనే మళ్లీ అంటుకుంది. 14 రాత్రికి మంట బెల్‌ఫాస్ట్‌కు పాకింది. 15న సైన్యం ఆ నగరంలోకి దిగింది. పిల్లలకు చెప్పడానికి ఇది చాలు. పది నిమిషాలు, ఒక మ్యాపు, నాలుగు తేదీలు. ఇంతకు మించి చెబితే సినిమా మొదలుకాకముందే ఆవలిస్తారు.

ఇంకొక్కటి మాత్రం చెప్పాలి. సినిమాలో బడ్డీ వయసు తొమ్మిది. ఆగస్టు 14 అర్ధరాత్రి దాటాక బెల్‌ఫాస్ట్‌లోని డివిస్ ఫ్లాట్లలో, పోలీసుల సాయుధ వాహనం మీది మెషీన్‌గన్ పేల్చిన గుండు గోడ చీల్చుకుని వచ్చి, ఇంట్లో ఉన్న పాట్రిక్ రూనీ అనే పిల్లవాణ్ణి చంపింది. అతని వయసూ తొమ్మిదే, కేథలిక్ కుటుంబం. ఆ తర్వాత కొన్ని గంటలకే కేథలిక్కులుండే బాంబే స్ట్రీట్ అనే వీధి తగలబడింది. ఆ జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 1,800కు పైగా కుటుంబాలు ఇళ్లు వదిలి పారిపోయాయని, అందులో 1,505 కేథలిక్కులవని స్కార్‌మన్ విచారణ సంఘం తేల్చింది. బడ్డీది ప్రొటెస్టెంట్ కుటుంబం. మంటలు పక్కింటికి అంటుకున్నాయి, అతని ఇంటికి కాదు. సినిమాలో ఇల్లు కాలిన వాళ్లు మొదటి కొన్ని నిమిషాలు కనిపించి పక్కకు తప్పుకుంటారు. ఊరు విడిచి వెళ్లాలా ఉండాలా అని తర్జనభర్జన పడే అవకాశం బడ్డీ అమ్మానాన్నలకు దొరికింది, బాంబే స్ట్రీట్ వాళ్లకు దొరకలేదు. దీన్ని నేను సినిమా దోషం అనను, కానీ చూపించేవాళ్లు చెప్పకపోతే మాత్రం దోషమే.

సినిమా పనితనం సంగతికి వస్తే, మీ వ్యాసం బ్లాక్ అండ్ వైట్‌ను పాతకాలపు అందంగా మాత్రమే చూసింది. నేటి బెల్‌ఫాస్ట్‌ను రంగుల్లో చూపిస్తూ మొదలైన కెమెరా ఒక గోడ మీదుగా పైకి లేచి అవతలికి దిగేసరికి రంగు పోతుంది. ఆ తర్వాత వీధీ ఇల్లూ బడీ అన్నీ నలుపు తెలుపే. మళ్లీ రంగు వచ్చేది బడ్డీ సినిమా హాల్లోనో నాటకంలోనో కూర్చున్నప్పుడు. నాటకం చూస్తున్న నాయనమ్మ ముఖం నలుపు తెలుపుల్లోనే ఉంటుంది, ఆమె కళ్లద్దాల్లో మాత్రం వేదిక రంగులు మెరుస్తాయి. ఆ ఒక్క షాట్‌తో, రంగులన్నీ పిల్లవాడి కళ్లముందు వేసిన కథల్లోనే ఉన్నాయన్న సంగతి తెలిసిపోతుంది.

వస్తువులను వాడుకున్న తీరు ఇంకా గట్టిది. మొదటి సీన్‌లో బడ్డీ చేతిలో చెక్క కత్తి, చెత్తడబ్బా మూత. ఆ మూత అతనికి డాలు. అల్లరిమూక వీధిలోకి వచ్చిన రెండు నిమిషాలకు అదే మూతను అమ్మ లాక్కుని, రాళ్లు తగలకుండా కొడుక్కి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పరిగెడుతుంది. ఆట వస్తువు మామూలు వస్తువు కాలేదు, నిజంగానే డాలు అయింది. వీధిలో పరిచిన బండలు ఊడబెరికి బారికేడ్లుగా పేరుస్తారు, అంటే నడిచే దారే గోడగా లేస్తుంది. లూటీలో తోటిపిల్ల తోసుకెళితే బడ్డీ ఎత్తుకొచ్చేది బట్టల సబ్బుపొడి డబ్బా. అమ్మ ఆ గొడవ మధ్యలోనే అతణ్ణి రెక్కపట్టి లాక్కెళ్లి దాన్ని తిరిగి పెట్టిస్తుంది. పిల్లలు అక్కడ పగలబడి నవ్వుతారు, మరుక్షణం భయపడతారు. స్క్రిప్టు నేర్చుకునేవాళ్లు చూడాల్సింది ఆ సీన్. ఈ సినిమాకు ఏడు ఆస్కార్ నామినేషన్లలో వచ్చిన ఒకే ఒక్క అవార్డు స్క్రీన్‌ప్లేకే అన్నది ఊరికే కాదు.

లెక్కల సీన్ దగ్గర ఆపి మాట్లాడుకోవచ్చు. అంకెలు కాస్త గజిబిజిగా రాయి, ఒకటో ఏడో టీచరుకు తెలియకుండా ఉంటే మార్కులు నీకే పడతాయి అని తాత సలహా. జవాబు ఒకటే కదా ఉంటుంది అంటాడు మనవడు. అదే నిజమైతే ఈ ఊళ్లో జనం ఒకరినొకరు ఇలా పేల్చుకునేవాళ్లే కాదురా అంటాడు తాత.

ఇక వేసేవాళ్లు చూసుకోవాల్సినవి. నిడివి గంటన్నర దాటి ఏడెనిమిది నిమిషాలు. బ్రిటన్‌లో 12ఏ సర్టిఫికెట్ ఉంది, అంటే పన్నెండేళ్ల లోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా హాల్లో చూడకూడదు, కాబట్టి ఏడో తరగతి లోపు పిల్లలకు వద్దు. మొదటి అల్లర్ల సీన్ నిజంగానే భయపెడుతుంది. ఓటీటీ చందా ఇంట్లో చూడటానికే, హాల్లో వేయాలంటే పంపిణీదారు అనుమతి తీసుకోవాలి. టీవీ గానీ ప్రొజెక్టర్ గానీ వివిడ్, డైనమిక్ మోడ్‌లో ఉంటే నలుపు తెలుపు కాస్తా నీలంగా మారి, ముఖాలు సున్నం కొట్టినట్టు తేలిపోతాయి. సినిమా మోడ్‌లో పెట్టి, రంగు వార్మ్ వైపు జరిపి, కదలికలను కృత్రిమంగా నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. గోడ దాటి రంగు పోయే షాట్‌ను ముందే ఒకసారి వేసి చూసుకోండి. గోడకు ఇవతల రంగులు పచ్చిగా కనిపించకుండా, అవతల నీలి ఛాయ లేకుండా ఉంటే సరిగ్గా కుదిరినట్టు. తెర నిండలేదని జూమ్ చేయకండి, సబ్‌టైటిళ్లు కోతపడతాయి.

సబ్‌టైటిళ్లు లేకుండా వేయడం దండగ. బెల్‌ఫాస్ట్ యాస ఇంగ్లిష్ మీడియం పిల్లలకూ అంతుపట్టదు. తెర అడుగు అంచు కూర్చున్నవాళ్ల తలలకంటే పైన ఉండేలా కట్టాలి, లేకపోతే వెనక వరసలకు కింది అక్షరాలు కనిపించవు. ఎక్కువమంది చేసే పొరపాటు సౌండ్‌లో. అల్లర్ల సీన్ పెట్టి వాల్యూమ్ సరిచూస్తారు. అది సినిమాలోకెల్లా పెద్ద చప్పుడు, దానికి తగ్గట్టు తగ్గిస్తే తర్వాత తాత మాట ఒక్కటీ వినిపించదు. తాత మనవడితో మాట్లాడే సీన్‌కు సరిచేసుకోండి, అల్లర్లు పెద్దగా వినిపించినా పర్వాలేదు. సిమెంటు గోడల హాలైతే మాట ప్రతిధ్వనిస్తుంది, పక్కగోడలకు దుప్పట్లో తెరలో వేలాడదీస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మన దగ్గర ఇలాంటి సినిమా తీయాలనుకునేవాళ్లకూ ఒక మాట. అదే 1969లో హైదరాబాద్, వరంగల్ వీధుల్లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడిచింది, బడులూ కాలేజీలూ నెలల తరబడి మూతపడ్డాయి. అప్పుడు తొమ్మిదేళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై అయిదు దాటినవాళ్లు. వాళ్లను ఉద్యమం గురించి అడిగితే తర్వాత చదివిందీ విన్నదీ కలిపి ఉపన్యాసం చెబుతారు. వస్తువుల గురించి అడగండి. బడి లేని పూట ఏ ఆట ఆడేవారు, కర్ఫ్యూలో పాలు ఎక్కణ్ణుంచి వచ్చేవి, ఇంట్లో ఏ తలుపు మూసి మాట్లాడుకునేవారు, వీధిలో ఏ ఇల్లు ఖాళీ అయింది, అందులో ఎవరుండేవారు. ముప్ఫై మందిని ఇలా అడిగితే చెత్తడబ్బా మూతలాంటి వస్తువు ఒక్కటైనా దొరక్కపోదు. కథ అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

చివరగా మీకో మనవి. ఇలాంటి సినిమాల పరిచయం వేసినప్పుడు పక్కనే ఒక చిన్న బాక్సులో నిడివి, ఏ వయసు వారికి, తెలుగు సబ్‌టైటిళ్లు ఉన్నాయా లేవా, కథాకాలం నాటి నాలుగు తేదీలు, ఒక మ్యాపు వేయండి. బడుల్లో సినిమాలు వేసే మాస్టర్లు ఆ బాక్సును కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు
ఒక ఫిలిం సొసైటీ సభ్యుడు
హనుమకొండ