ఫొటోలు తీసుకెళ్లొచ్చు, మనుషుల్ని ఎలా?

సంపాదకులకు,

పెద్ద మెసేజింగ్ వేదికలపై నియంత్రణ మాట ఎత్తగానే ‘నచ్చకపోతే వేరే యాప్ వాడుకోవచ్చు కదా’ అంటారు. సబ్బు విషయంలో ఆ మాట నిజమే. మెసేజింగ్ యాప్ విలువ మాత్రం అవతలి మనుషుల్లో ఉంటుంది.

12 మంది ఉన్న గ్రూపునే తీసుకోండి. 12ను 11తో హెచ్చవేసి సగం చేస్తే 66. అంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోగల జంటలు 66. ముగ్గురు వేరే యాప్‌కు వెళ్లిపోయారనుకోండి. కొత్త చోట 3 జంటలు, పాత చోట 36 ఉంటాయి, 27 తెగిపోతాయి. ఆ నష్టం అందరికీ సమానం కాదు. ఉండిపోయినవారికి 11 మందిలో 8 మంది అందుబాటులోనే ఉంటారు. వెళ్లినవారికి మిగిలేది ఇద్దరే. ముందు కదిలినవారికే దెబ్బ తగులుతుంది కాబట్టి కొత్త యాప్ ఎంత మెరుగైనా ఎవరూ కదలరు.

సభ్యులు రెట్టింపైతే విలువ నాలుగు రెట్లవుతుందనే మెట్‌కాఫ్ సూత్రం అన్ని జంటలకూ ఒకే విలువ కడుతుంది. అది అతిశయమే. లక్షల మంది అపరిచితుల కన్నా రోజూ మాట్లాడే పదిమందే మనకు ముఖ్యం. కానీ మనల్ని కట్టిపడేసేదీ ఆ పదిమందే.

యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన డేటాను వెంట తీసుకెళ్లే హక్కునిచ్చింది. మంచిదే. ఫొటోలు వస్తాయి, మనుషులు రారు. మొబైల్ నంబరు పోర్టబిలిటీతో పోల్చి చూడండి. కంపెనీ మారినా పాత కంపెనీ చందాదారులు మనకు ఫోన్ చేయగలుగుతున్నారు. నెట్‌వర్కులు ఒకదానికొకటి కలిసి ఉన్నందువల్లే ఆ హక్కుకు విలువ వచ్చింది.

ఈ కలపడాన్ని కంపెనీల ఇష్టానికి వదిలేయకూడదు. గూగుల్ పాత చాట్ సేవ గూగుల్ టాక్, ఎవరైనా వాడుకోగల ఎక్స్‌ఎంపీపీ అనే బహిరంగ సాంకేతిక ప్రమాణంతో ఇతర సంస్థల సర్వర్లతోనూ మాట్లాడేది. 2013లో దాని స్థానంలో హ్యాంగౌట్స్ తెచ్చాక ఆ దారి మూసుకుపోయింది. పెద్దదైన వేదికకు తలుపు తెరిచి ఉంచడంలో లాభం కనిపించదు.

యూరప్ డిజిటల్ మార్కెట్స్ చట్టం దీన్ని బాధ్యతగా మార్చింది. పెద్ద సంస్థలపై ఈ బాధ్యత 2024 మార్చి నుంచి అమలవుతోంది. పోటీ సంస్థ అడిగితే, రెండు యాప్‌ల వాళ్లూ ఒకరికొకరు సందేశాలు పంపుకొనేలా పెద్ద మెసేజింగ్ సేవ ఉచితంగా దారి ఇవ్వాలి. ముందు ఇద్దరి మధ్య సందేశాలు, ఫొటోలు, ఫైళ్లు. గ్రూపులకు రెండేళ్లు, కాల్స్‌కు నాలుగేళ్లు గడువు. సందేశాలను మూడోవారు చదవలేకుండా చేసే ఎన్‌క్రిప్షన్ స్థాయి తగ్గకూడదు. సోషల్ మీడియాకు మాత్రం ఈ నిబంధన వర్తించదు. ఇది పెద్ద లోటు.

ఇలాంటి చట్టం ఎక్కడ రాసినా రెండు విషయాలు స్పష్టంగా ఉండాలి. భద్రత, స్పామ్ పేరుతో పోటీ సంస్థను తిరస్కరిస్తే సాంకేతిక కారణాన్ని రాతపూర్వకంగా నియంత్రణ సంస్థకు చెప్పాలి. బయటి యాప్ నుంచి సందేశాలు అందుకోవాలా వద్దా అనే ప్రశ్న వినియోగదారుడికి తెర మీద నేరుగా కనిపించాలి. దాన్ని సెట్టింగ్స్‌లో నాలుగు మెనూల కింద దాచేస్తే, చట్టం ఉన్నా ఆ 27 జంటలు తెగే ఉంటాయి.

– ఒక పాఠకుడు